ఎనిమిది గంటల పని, రెండు గంటల ఆట: మానిటర్ ఎలా ఎంచుకోవాలి?

పగలంతా ఎక్సెల్ షీట్లు, మెయిళ్లు, మీటింగులు. రాత్రి భోజనాలయ్యాక కాసేపు వాలరెంట్. తీరా మానిటర్ కొనే రోజు వచ్చేసరికి మనసంతా ఆ రాత్రి ఆట చుట్టూనే తిరుగుతుంది. 240 హెర్ట్జ్, 1 మిల్లీసెకను, హెచ్‌డీఆర్, కర్వ్‌డ్ అంటూ డబ్బా మీద పెద్దక్షరాలతో ఉండేవన్నీ ఆటకు సంబంధించినవే. ఆ తెర మీద అక్షరం ఎంత తేటగా కనబడుతుందో మాత్రం ఏ డబ్బా మీదా రాసి ఉండదు. అందుకే ఆటకి అదిరిపోయే మానిటర్ కొనుక్కుని, మర్నాడు మధ్యాహ్నానికల్లా కళ్లు నలుపుకునేవాళ్లు చాలామంది కనిపిస్తారు.

ఈ అధ్యాయం సారాంశం ఒక్కటే. రెండు పనులకీ ఒకే మానిటర్ కొంటున్నప్పుడు, ఎక్కువ గంటలు చేసే పని దగ్గర రాజీ పడకండి. తక్కువ గంటల పనికి ‘ఇది చాలు’ అనిపించేంత ఉంటే సరిపెట్టుకోండి. ఆ లెక్కన ముందు మీ గంటలు చూసుకోవాలి. తర్వాత అక్షరం, ఆ తర్వాత మీ కంప్యూటర్ శక్తి, వేగం, ప్యానెల్, వైర్లు. మామూలుగా మనం వేగంతో మొదలుపెట్టి, మిగతావాటిని దుకాణదారుకి వదిలేస్తాం.

మొదటి మెట్టు: మీ వారాన్ని లెక్క కట్టండి

ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. మొదటిది చదవడం, రాయడం: కోడింగ్, టాలీ, వర్డ్, బ్రౌజర్ అన్నీ ఇందులోకే వస్తాయి. రెండోది వేగం మీద నడిచే పోటీ ఆటలు: వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటివి. మూడోది కథ నడిచే ఆటలు: రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, ఎల్డెన్ రింగ్ వంటివి. నాలుగోది సినిమాలు, ఓటీటీ. గడిచిన వారంలో ఒక్కోదానికి ఎన్ని గంటలు పట్టిందో ఉజ్జాయింపుగా రాయండి. ఆడాలనుకున్న గంటలు వద్దు, ఆడిన గంటలే వేయండి.

ఉద్యోగం చేసేవాళ్లలో చాలామందికి మొదటి గడి మిగతా మూడింటినీ కలిపినా మించిపోతుంది. రోజుకి ఎనిమిది గంటల చొప్పున వారానికి నలభై గంటలు పని, రాత్రికి రెండేసి గంటల చొప్పున పద్నాలుగు గంటలు ఆట అనుకున్నా, తెర ముందు గడిపే ప్రతి నాలుగు గంటల్లో దాదాపు మూడు గంటలు అక్షరాలవే. మిగిలిన రెండు ఆటల గళ్లలో ఏది బరువైనదో చూడండి. పోటీ ఆటకీ కథ ఆటకీ కావాల్సిన మానిటర్లు ఒకటి కావు.

రెండో మెట్టు: అక్షరం తేటగా ఉందా?

తేటదనం తెర సైజు మీదో, రిజల్యూషన్ మీదో విడిగా ఆధారపడదు. ఒక అంగుళంలో ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయన్నదే లెక్క. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి సుమారు 92 పిక్సెళ్లు ఉంటాయి. అదే ఫుల్ హెచ్‌డీని 27 అంగుళాలకు సాగదీస్తే 82కి పడిపోతుంది. 27 అంగుళాల్లో క్యూహెచ్‌డీ, అంటే 2560 అడ్డం 1440 నిలువు, అయితే 109. అదే సైజులో 4కే అయితే 163. 32 అంగుళాల క్యూహెచ్‌డీ మళ్లీ 92 దగ్గరికే వచ్చి ఆగుతుంది. తెర పెరిగింది కాబట్టి బొమ్మ తేటపడిందనుకోవడం భ్రమే.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ బజారులో ఇలాంటి సంభాషణ మామూలే.

“అన్నా, ఇది చూడు. 27 ఇంచెస్, 180 హెర్ట్జ్, కర్వ్‌డ్. గేమింగ్‌కి సూపర్ ఉంటది.”

“రిజల్యూషన్ ఎంత తమ్ముడూ?”

“ఫుల్ హెచ్‌డీ అన్నా. క్లారిటీ మస్తుంటది.”

అక్కడ తెర మీద తిరిగే వీడియోలో ఆ క్లారిటీ నిజంగానే మస్తుగా కనిపిస్తుంది. ఎగిరే చిలకలు, రంగుల చేపలు పిక్సెళ్ల లోటును దాచేస్తాయి. అక్షరం దాచదు. కాబట్టి వీడియో ఆపించి నోట్‌ప్యాడ్ తెరిపించండి. జూమ్ పెంచకుండా, 11 సైజు అక్షరాల్లో తెలుగులో ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’, ‘స్త్రీ’ అని కొట్టండి. ఇంగ్లిష్ అక్షరం తక్కువ పిక్సెళ్లలోనూ ఎలాగో బతికిపోతుంది. మన లిపిలో ఒక అక్షరం కింద ఇంకో ఒత్తు, దాని పక్కన మరొకటి, పైన గుడి. ఇవన్నీ ఒకే వరస ఎత్తులో ఇమడాలి. పిక్సెళ్లు పెద్దవిగా ఉంటే ‘ష్ట్ర’ కింది ఒత్తులు నల్లటి మచ్చలా కలిసిపోతాయి. చేయి చాచినంత దూరం నుంచి ఆ ఒత్తులు విడివిడిగా కనబడితే ఆ తెర ఆఫీసు పనికి పనికొస్తుంది. తెలుగులో డీటీపీ చేసేవాళ్లు, అనువాదకులు, పత్రికల వాళ్లు ఈ పరీక్ష చేయకుండా కొనకూడదు.

ఇంకో తమాషా ఉంది. 27 అంగుళాల 4కే తెరను విండోస్‌లో 150 శాతం స్కేలింగ్‌లో పెడితే, దాని మీద పట్టే సరుకు 27 అంగుళాల క్యూహెచ్‌డీలో పట్టినంతే. అక్షరాలు మాత్రం అచ్చు పుస్తకంలో ఉన్నట్టు ఉంటాయి. అంటే 4కే కొన్నందువల్ల ఎక్సెల్‌లో అదనపు గళ్లు కనబడవు, ఉన్నవే నున్నగా కనబడతాయి. మ్యాక్ వాడేవాళ్లకి ఈ తేడా మరీ ఎక్కువ. 2018లో వచ్చిన మొజావే నుంచి అక్షరాల అంచులను సబ్‌పిక్సెళ్లతో నునుపు చేసే పద్ధతిని ఆపిల్ పక్కన పెట్టింది. అందుకే మ్యాక్‌కి 4కే బాగా నప్పుతుంది.

మూడో మెట్టు: మీ కంప్యూటర్ ఎంత మోయగలదు?

ఫుల్ హెచ్‌డీలో సుమారు 20.7 లక్షల పిక్సెళ్లు. క్యూహెచ్‌డీలో 36.9 లక్షలు. 4కేలో 82.9 లక్షలు. ఆట ఆడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఈ పిక్సెళ్లన్నిటికీ సెకనుకి పదుల సార్లు కొత్తగా రంగు వేయాలి. ఫుల్ హెచ్‌డీ నుంచి 4కేకి వెళ్తే పని నాలుగింతలవుతుంది.

ఆఫీసు పనికి ఈ బరువు లెక్కలోకి రాదు. ఇటీవలి మామూలు ల్యాప్‌టాప్ కూడా 4కే తెర మీద వర్డ్‌నీ బ్రౌజర్‌నీ ఇట్టే నడిపేస్తుంది. చిక్కంతా ఆటలోనే. ఆర్‌టీఎక్స్ 3060, 4060 తరగతి కార్డులకు క్యూహెచ్‌డీ సౌకర్యంగా ఉండే హద్దు. 4కేలో బరువైన ఆటలు ఆడాలంటే సెట్టింగులు తగ్గించాలి, లేదా డీఎల్ఎస్ఎస్, ఎఫ్ఎస్ఆర్ లాంటి పద్ధతులతో తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మను పెంచి చూపించాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్ అయితే తెర ఎంత మంచిదైనా ఆట మారదు.

27 అంగుళాల క్యూహెచ్‌డీని ఇంతమంది సిఫారసు చేయడానికి కారణం ఇదే. అక్షరానికి సరిపడా పిక్సెళ్లు ఉంటాయి, కార్డు మీద మోయలేనంత బరువూ పడదు.

నాలుగో మెట్టు: ఎన్ని హెర్ట్జ్ చాలు?

హెర్ట్జ్ అంటే తెర సెకనుకి ఎన్నిసార్లు బొమ్మను మారుస్తుందన్న లెక్క. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144 హెర్ట్జ్ అయితే 6.9. 240 అయితే 4.2. ఇక్కడ తీసివేత చేసి చూడండి. 60 నుంచి 144కి వెళ్తే దాదాపు 10 మిల్లీసెకన్లు తగ్గుతుంది. 144 నుంచి 240కి వెళ్తే మూడు కూడా తగ్గదు. మొదటి పెంపు తేడా ఎవరి కంటికైనా తెలుస్తుంది. మౌస్ కదలిక, పేజీ స్క్రోలింగ్ కూడా నున్నగా మారతాయి కాబట్టి ఆఫీసు పనికీ అది కలిసొచ్చే లాభమే. రెండో పెంపు తేడా పోటీ ఆటల్లో చెయ్యి తిరిగినవాళ్లకే తెలుస్తుంది.

పైగా తెరకు అంత వేగం ఉన్నా, ఆట అన్ని ఫ్రేములు ఇవ్వాలి కదా. గరిటె ఎంత పెద్దదైనా కుండలో ఉన్నంతే వస్తుంది. 2020లో వచ్చిన వాలరెంట్ తేలికైన ఆట, ఒక మాదిరి కార్డు మీదే సెకనుకి వందల ఫ్రేములిస్తుంది. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ పీసీ మీద 60 ఫ్రేములు దాటదు, దాన్ని తయారు చేసినవాళ్లే అక్కడ కట్టడి పెట్టారు. మీ వారం కాగితంలో మూడో గడి బరువుగా ఉంటే 240 హెర్ట్జ్‌కి పెట్టే డబ్బును రిజల్యూషన్ వైపో, ప్యానెల్ వైపో మళ్లించండి. రెండో గడి బరువుగా ఉంటే 144 నుంచి 180 మధ్య తీసుకోండి. టోర్నమెంట్లు ఆడేవాళ్లకే 240 మాట.

వేగంతో పాటు అడాప్టివ్ సింక్ ఉందో లేదో చూడండి. ఫ్రేముల సంఖ్య పడుతూ లేస్తూ ఉన్నప్పుడు తెర కూడా దానికి తగ్గట్టు వేగం మార్చుకోవడమే దీని పని. ఇది లేకపోతే బొమ్మ అడ్డంగా చీలినట్టు కనిపిస్తుంది. ఎన్‌విడియా దీన్ని 2013లో జీ-సింక్ పేరుతో తెచ్చింది. ఏఎండీ ఫ్రీసింక్ తర్వాత వచ్చింది. 2019 జనవరి నుంచి ఎన్‌విడియా కార్డులు కూడా అడాప్టివ్ సింక్ మానిటర్లతో పనిచేస్తున్నాయి కాబట్టి ఈ కార్డుకి ఆ మానిటరే కొనాలన్న పట్టింపు ఇప్పుడు లేదు.

ఐదో మెట్టు: ప్యానెల్ ఏది?

ఐపీఎస్ ప్యానెల్‌ను పక్క నుంచి చూసినా రంగులు మారవు, అక్షరం నిలకడగా ఉంటుంది. కాంట్రాస్ట్ మాత్రం 1000:1 దగ్గర ఉంటుంది. గదిలో దీపం ఆర్పి సినిమా చూస్తే నలుపు బూడిద రంగులా తేలుతుంది. వీఏ ప్యానెల్‌లో కాంట్రాస్ట్ 3000:1 వరకు వస్తుంది కాబట్టి నలుపు చిక్కగా ఉంటుంది. అయితే చవక వీఏల్లో చీకటి సన్నివేశంలో కదిలే వస్తువు వెనక నల్లటి మసక తోకలా సాగుతుంది. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల అక్షరాలతో కోడ్ రాసేవాళ్లు పేజీని వేగంగా స్క్రోల్ చేసినా ఆ మసక కనబడుతుంది.

ఓలెడ్‌ను చూసినవాళ్లకి ఆట కోసం ఇంకొకటి నచ్చడం కష్టం. నలుపు నిజమైన నలుపే, స్పందన కూడా మెరుపే. ఆఫీసు పనికి మాత్రం రెండు పేచీలున్నాయి. ఒకటి, టాస్క్‌బార్, ఎక్సెల్ మెనూ వంటివి రోజూ గంటల తరబడి ఒకేచోట కదలకుండా ఉంటే కొన్నాళ్లకు వాటి నీడ తెర మీద శాశ్వతంగా నిలిచిపోవచ్చు. దీన్నే బర్న్-ఇన్ అంటారు. రెండు, చాలా ఓలెడ్‌లలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కల అమరిక మామూలు తెరల్లోలా ఉండదు. విండోస్ అక్షరాలను నునుపు చేసేటప్పుడు పాత అమరికనే దృష్టిలో పెట్టుకుంటుంది కాబట్టి అక్షరాల అంచున సన్నని రంగు గీత కనిపిస్తుంది. పిక్సెళ్లు దగ్గరగా ఉన్న 4కే ఓలెడ్‌లలో ఇది తగ్గుతుంది. రోజుకి ఎనిమిది గంటలు పని చేసే తెరగా ఓలెడ్ కొనాలనుకుంటే వారంటీలో బర్న్-ఇన్‌ను చేర్చారో లేదో ముందు చదవండి.

ఆఫీసు గంటలు ఎక్కువగా ఉన్నవాళ్లు కళ్లు మూసుకుని ఐపీఎస్ తీసుకోవచ్చు.

డబ్బా మీది మూడు మాటలు

‘1 మిల్లీసెకను’: పిక్సెల్ రంగు మారడానికి పట్టే సమయం ఇది. ఈ అంకె తరచూ, ఆ మార్పును వేగిరపరిచే ఓవర్‌డ్రైవ్‌ను చివరి గేరులో పెట్టి కొలిచినది. ఆ గేరులో ఆడితే కదిలే వస్తువు వెనక తెల్లటి నీడలు వస్తాయి. ఇంటికొచ్చాక మెనూలో మధ్య గేరు ఎంచుకోండి.

‘హెచ్‌డీఆర్’: డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 400 అన్న ముద్రకు వెలుగు 400 నిట్స్‌ని అందుకుంటే చాలు, తెరలో ఒక్కో భాగాన్ని విడిగా మసక చేసే లోకల్ డిమ్మింగ్ ఉండక్కర్లేదు. అది లేనిదే హెచ్‌డీఆర్ అందం తెలియదు. ఆ ముద్ర కోసం అదనంగా ఇవ్వకండి.

‘హెచ్‌డీఎంఐ 2.1’: నిబంధనల ప్రకారం 2.0 సామర్థ్యమే ఉన్న పోర్టుకి కూడా ఈ పేరు పెట్టుకోవచ్చు. పేరు చూడకండి, ‘4కేలో ఎన్ని హెర్ట్జ్’ అని అడగండి. పీఎస్5 కలపాలనుకునేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఆ కన్సోల్‌కి క్యూహెచ్‌డీ సదుపాయం 2022 సెప్టెంబరులో వచ్చింది కాబట్టి క్యూహెచ్‌డీ మానిటర్‌తోనూ ఇబ్బంది లేదు.

ఆరో మెట్టు: వైరు, స్టాండు, కిటికీ

ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌కి ఎలాంటి పోర్టులున్నాయో ముందే చూసుకోండి. పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు నుంచి 4కే తెరకి బొమ్మ 30 హెర్ట్జ్‌లోనే వస్తుంది. మౌస్ పాయింటర్ ఈడ్చుకుంటూ నడుస్తున్నట్టు ఉంటుంది. టైప్-సీ పోర్టు ద్వారా బొమ్మ పంపగల ల్యాప్‌టాప్ అయితే, 65 లేదా 90 వాట్లు ఇచ్చే టైప్-సీ మానిటర్ తీసుకుంటే ఒక్క వైరుతోనే బొమ్మ, చార్జింగ్ రెండూ అయిపోతాయి. అటు ఆఫీసు ల్యాప్‌టాప్‌నీ ఇటు ఆట పీసీనీ ఒకే తెరకి కలిపే ఇంట్లో ఈ సౌకర్యం విలువ రోజూ తెలుస్తుంది. సాయంత్రం ఆఫీసు వైరు తీసేసి, మెనూలో ఇన్‌పుట్ మారిస్తే చాలు.

ఎత్తు సర్దుకోలేని స్టాండు మెడకి చేటు. తెర పై అంచు మీ కంటి ఎత్తుకి సమానంగానో, కాస్త కిందో ఉండాలి. అలాంటి స్టాండు లేకపోతే వెనక వెసా (VESA) రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి. 100 మిల్లీమీటర్ల కొలతతో అవి ఉంటే తర్వాతైనా ఆర్మ్ బిగించుకోవచ్చు. తెరను కిటికీకి ఎదురుగా పెట్టకండి, కిటికీ వెలుగు పక్క నుంచి పడాలి. వెలుగు సర్దడానికి సులువైన పద్ధతి: తెర పక్కన తెల్ల కాగితం పట్టుకోండి. తెర దీపంలా మెరిసిపోతుంటే తగ్గించండి, కాగితం కన్నా మసగ్గా ఉంటే పెంచండి.

‘కళ్లకు మేలు చేసే బ్లూ లైట్ ఫిల్టర్’ అన్న మాటకి ధర కట్టకండి. తెర చూస్తున్నప్పుడు రెప్పలు తక్కువగా కొడతాం, అందువల్ల కళ్లు పొడిబారతాయి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్ల పాటు చూడటం ఏ ఫిల్టర్ కన్నా నయం.

ఇంటికొచ్చిన మొదటి వారం

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీయండి. వాపసు గడువు ఎన్ని రోజులో రాసిపెట్టుకోండి. నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను ఒక్కొక్కటిగా తెర నిండా పరచి, చచ్చిన పిక్సెళ్లున్నాయేమో వెతకండి. రాత్రి దీపాలార్పి నల్ల తెర పెట్టి, మూలల్లో వెలుగు కారుతోందేమో చూడండి.

తర్వాత విండోస్ సెట్టింగుల్లో డిస్‌ప్లే, అందులో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే తెరవండి. 180 హెర్ట్జ్ మానిటర్ కూడా చాలాసార్లు 60లోనే నడుస్తూ ఉంటుంది. అక్కడ మారిస్తేనే మారుతుంది. వైరును మదర్‌బోర్డు పోర్టుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డు పోర్టుకి గుచ్చారో లేదో కూడా చూసుకోండి.

ఎవరికి ఏది?

పని గంటలు ఎక్కువ, ఆట ఏదైనా ఒక మోస్తరుగా: 27 అంగుళాల క్యూహెచ్‌డీ ఐపీఎస్, 144 నుంచి 180 హెర్ట్జ్, ఎత్తు మారే స్టాండు.

రోజంతా అక్షరాలే, ఆట కథలదే: 27 లేదా 32 అంగుళాల 4కే ఐపీఎస్. 60 హెర్ట్జ్ ఉన్నా గడుస్తుంది, 120 దాటితే ఇంకా మంచిది.

డబ్బు తక్కువ, ఆట పోటీది: 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్, 144 హెర్ట్జ్ పైన. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ జోలికి పోకండి.

32 అంగుళాలు దాటిన తెరలకు ఒకప్పుడు పన్ను అడ్డుగా ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి వాటిపై జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. కాబట్టి 34 అంగుళాల అల్ట్రావైడ్‌ను పన్ను భయంతో పక్కన పెట్టనక్కర్లేదు. రెండు ఫైళ్లు పక్కపక్కన తెరిచి పనిచేసేవాళ్లకి అది నప్పుతుంది. కొన్ని ఆటల్లో మాత్రం రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి.

ఈ వారం చేయాల్సిన పని

నాలుగు గళ్ల కాగితం నింపండి. దాని కింద మీ గ్రాఫిక్స్ కార్డు పేరు, ల్యాప్‌టాప్ పోర్టులు, బల్ల లోతు, ఇంతకు మించి పెట్టనన్న డబ్బు రాయండి. ఆ కాగితానికి సరిపోయే మూడు మోడళ్లకు మించి చూడకండి. కుదిరితే ఒకదాన్నైనా దుకాణంలో తెలుగు అక్షరాలతో పరీక్షించండి. కొనే తేదీ ముందే పెట్టుకోండి, కొన్నాక వాపసు గడువు దాటితే రివ్యూలు చూడటం మానేయండి. ఆరు నెలల్లో ఇదే ధరకి ఇంతకన్నా మంచిది వస్తుంది, ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. దానివల్ల మీ తెర మీద అక్షరం మసకబారదు. ఉద్యోగమో, ఆటో, గ్రాఫిక్స్ కార్డో మారి మీ నాలుగు గళ్ల లెక్క తప్పినప్పుడే మళ్లీ కొత్త మానిటర్ గురించి ఆలోచించండి.